వేర్లు కడిగిన నీళ్ళు

తెల్కపల్లి అవతల, గుట్ట కింది పడావు భూమిల
పన్నెండు ప్లాస్టిక్ గదులు. పైకప్పు లేదు.
ఆరింటిల ఇప్పటి గాలి,
ఆరింటిల రాబోయే గాలి.
బొగ్గుపులుసు సిలిండరు నుంచి సన్న పైపు
పొద్దంతా బుస్సుమంటనే ఉంటది.

నా పని వేర్లు కడుగుడు.
గడ్డిపెల్ల ఎత్తి దులిపితే
రాలిన మన్ను ఒక సంచిల,
దులిపినా విడువక వేరును కరుచుకున్న మన్ను
ఇంకో సంచిల.
"అసలు ఊరు ఆ రెండోదే, పర్వతాలూ,
గోరంత మన్నుల కోట్ల కొంపలు"
అన్నది నుస్రత్ మేడం.
గోరు చూసుకున్న.
మన్ను తప్ప ఏం కానరాలే.

ఇది మూడో వానకాలం.
రాబోయే గాలి తిన్న చెంగలి గడ్డి మోకాలు దాటింది.
నీళ్ళు గూడ తక్కువనే తాగుతదట,
వాన వెలిసి నాలుగొద్దులైనా
దాని కింద తడి ఆరలే.
కుర్వ జంగిలయ్య కట్టె మీద గదువ ఆనించి
చానసేపు చూసిండు.
"గాలి తిని గింత పెరిగెనా!
మా గొర్లకు పెట్టరాదు?"

ఒక మోపు ఇచ్చినం.
గొర్లు తిన్నయి. తిని, మళ్ళ దేవులాడినయి.
"కడుపు నిండింది గని కండ పట్టదు.
పెండ్లిల ఆఖరి బంతికి పోసిన చారు ఇది"
అన్నడు.
మేడం నోట్‌బుక్కుల రాసుకున్నది,
వేరే మాటలల్ల.

పైన గాలి మస్తయితే
గడ్డి మిగిలిన తీపిని వేర్ల సందుల నుంచి వదుల్తదట,
కల్లు మండువ కాడ లెక్క రాయకుండ పోసినట్టు.
కంటికానని జనం ఎగబడ్తరు.
ఒట్టి తీపితోని పానం నిలువదు గద,
నత్రజని కావాలె.
పాత గుమ్ములు పలగ్గొడ్తరు.
ఎప్పటిదో ఆకు, ఎప్పటిదో పెంట,
మా తాత పుట్టకముందు చచ్చిన గడ్డి,
నేల నల్లగ దాచుకున్నదంత
విప్పి, తిని,
దొరికిన నత్రజని తమ ఒంట్లనే మూటగట్టి
ఊపిరి ఇడుస్తరు.
ఆ ఊపిరి
మళ్ళ అదే గాలి.

"అయితే మన్ను దివాలా తీసినట్టేనా?"
"తెల్వదు" అన్నది మేడం.
"కొన్ని దిక్కుల బూజు దారాలు మన్నును ముద్దగట్టి
తిరిగి దాస్తయి.
ఈడ ఏమైతదో, ఇంక మూడు వానలు చూడాలె."
ఆ 'తెల్వదు' నాకు నచ్చింది.
కొబ్బరికాయ పట్టుకొని బోరు జాగ చూపెట్టినోడు
మా చెల్కల నాలుగు పొక్కలు కొట్టిచ్చిండు గని
ఒక్కనాడూ ఆ మాట అనలే.

ఇయ్యాల ఏడో గది వేర్లు కడిగిన.
తెల్లటి నూలుపోగు లాంటిదేదో
బొటనవేలికి చుట్టుకొని
విదిలిస్తే పోలే.
బకెట్ నీళ్ళు పారబోయబోయి
ఆగిన.
కోట్ల కొంపలన్నది గద.
ఏ గదిల పొయ్యాలె?
ఇప్పటి గాలిలనా, రాబోయేదాంట్లనా?

కంచె బయట సర్కారు తుమ్మ మొదట్ల
మెల్లగ వంచిన.
సంతకం పెట్టి సైకిల్ తీసిన.