రాళ్ళు తిన్నా అరిగే వయసు

మొఖోట్‌లాంగ్ కొండల్లో జూలై. మంచు.
గుర్రాన్ని క్లినిక్కు కంచెకి కట్టేసి
దుప్పటి విప్పకుండానే లోపలికొచ్చాడు న్తాతే సెఖోబె.
గుమ్మం నుంచి కుర్చీకి పదకొండు అడుగులు.
మధ్యలో రెండుసార్లు ఆగాడు.
లెక్కపెట్టాను.
ఇంతకుముందు పెట్టేదాన్ని కాదు.

అప్పట్లో నాకు దగ్గంటే సీసా మందు,
రాత్రి చెమటంటే క్షయ.
కఫంలో క్రిమి కనపడకపోయినా
ఆరు నెలల మాత్రలు రెండోసారి రాశాను.
కార్డు మీద ఇంకా ఉంది నా చేతిరాత,
గుండ్రంగా, అనుమానమన్నది లేకుండా,
కింద పులానే అని సంతకం.

తర్వాత మసేరులో రెండేళ్ళు పైచదువు.
రోగం పేరు అందరికీ తెలుస్తుంది,
దాని నడక పట్టుకోండి, అనేది మ్మే న్థోఫీలా,
సుద్దముక్క విరిగేలా బోర్డు మీద బాణాలు గీస్తూ.
పరీక్షలో ఆ బాణాలన్నీ సరిగ్గానే పెట్టాను.
ఏ బాణం చివరా మనిషి లేడు.

ఇవాళ ఫిల్ముని కిటికీకి ఆనించి చూశాను.
అద్దం అవతల మంచు, ఫిల్ములో మంచు.
అవతలిది సెప్టెంబరుకి కరుగుతుంది.

"గనిలో ఎన్నేళ్ళు?"
"ఇరవై రెండు. ఆ ఊరి పేరే వెల్కమ్.
డ్రిల్లు పట్టేది నేనే.
పంతొమ్మిదేళ్ళకి దిగాను అమ్మాయీ,
రాళ్ళు తిన్నా అరిగే వయసు."

తిన్నాడు. అరగలేదు.

ఆ మాట పైకి అనలేదు.
ఎక్స్‌రే కవరు వెనక్కి తిప్పి బొమ్మ గీశాను.
ఇది మీ ఊపిరి ఆఖరి గది,
గసగసాల గింజంతైనా ఉండదు.
ఇక్కడొక కాపలావాడు.
వచ్చిన ప్రతిదాన్నీ మింగడం వాడి పని,
పొగని, మన్నుని, క్రిమిని.
మీ డ్రిల్లు లేపిన రాతిపొడినీ మింగాడు.
అది గాజు లాంటిది. వాడి కడుపులో సంచి చిరిగింది.
వాడు చచ్చాడు.
రాయి బయటపడింది, చెక్కు చెదరకుండా.
దాన్ని మింగడానికి ఇంకొకడొచ్చాడు.

ఆయన బొమ్మ మీద గోరు ఆనించాడు.
"వాడూ పోయాడా?"
"పోయాడు."
"రాయి?"
"అదే రాయి."

చాలాసేపు దగ్గాడు. తువ్వాలు మడతపెట్టాడు.
"నా పక్క మంచం మపుత్సోవాడిది.
గురువారం బండ కూలి పోయాడు.
సోమవారం వాడి దీపం పెట్టుకుని
వేరే కుర్రాడు దిగాడు."
ఆగి, మళ్ళీ బొమ్మ వైపు చూసి,
"ఈ చచ్చినవాళ్ళని ఎక్కడ పూడుస్తారు?"

ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు మా తరగతిలో.

అక్కడే, అన్నాను.
వాళ్ళ చుట్టూ తాడు పేనినట్టు పీచు పేరుకుంటుంది.
అది సాగదు. అందుకే మీ ఊపిరి సగంలో ఆగుతుంది.
కాపలా పోయిన ఇంట్లోకి క్షయ దూరుతుంది.
మొదటిసారి నిజంగానే దూరింది.
రెండోసారి లేదు.
ఆ మాత్రలు నా పొరపాటు.

ఆయన కార్డు కేసి చూడలేదు.
"వాటికి ఉచ్చ నారింజరంగులో వచ్చేది,
మనవడు పడీ పడీ నవ్వేవాడు."
క్షమించాడో లేదో ఇప్పటికీ తెలీదు.

"దీనికి మందుందా?"
"రాయిని తీసే మందు లేదు.
కరెంటున్న రోజుల్లో ఆక్సిజన్ ఉంది.
కంపెనీ మీద పరిహారానికి కాగితాలున్నాయి,
నింపుదాం. చాలా ఉన్నాయి."

లేచాడు.
"ఫిల్ము నీ దగ్గరుంచుకో. బొమ్మ ఇయ్యి.
శుక్రవారాలు జొన్నసారా తాగేచోట
వెల్కమ్ వాళ్ళం ఐదుగురం కూచుంటాం.
అందరం దగ్గుతాం. చలి అనుకుంటున్నాం."

కవరు ఆయన చేతికివ్వలేదింకా.
పేర్లు చెప్పమన్నాను.
ఒక్కో పేరుకీ మధ్య
గాలి కోసం ఆగుతూ చెప్పాడు.
ఒక చేత్తో రాస్తున్నాను,
రెండో చేతి గడియారంలో
ఆ ఆగడాలు లెక్కపెడుతున్నాను.