గాలి ఎక్కడ నిలుస్తది

మిర్యాలగూడ, సాగర్ రోడ్డు. మే నెల.
షట్టర్ సగం దించి పెట్టిన. రేకు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది.
బల్ల మీద కొత్త లిక్విడ్ కూలర్,
అట్టపెట్టెల ముడుచుకోని పడుకున్న రెండు నల్ల గొట్టాలు.
డీలర్ ఫోన్ల అడిగిండు:
"పది పీసులు పంపాల్నా అన్నా? రేపటికల్లా చెప్పు."

ముందు అడుగుపలక చూసిన.
రాగి. బొటనవేలి ముద్ర పడేంత నున్నగ.
లోపల వెంట్రుక సందుల పళ్లుంటయట, పేన్ల దువ్వెన లాగ.
వాటి నడుమ నుంచే నీళ్లు
ప్రాసెసర్ వేడిని ఏరుకపోవాలె.
బాగుంది.

రేడియేటర్ మాత్రం అల్యూమినియం.
రాగీ అల్యూమినియం ఒకే నీళ్లు తాగితే
ఒకటి ఇంకొకదాన్ని మెల్లగ కొరుక్కతింటది.
అందుకే ఏదో మందు కలిపిన్రు. ఏం మందో రాయలె.
నీళ్లు పోసుకునే మూత కూడ పెట్టలె.
గొట్టం ఒక్క చుక్క కారకుండనే
ఏండ్ల మీద నీళ్లను గాలికి ఇచ్చేస్తది,
మళ్ల నింపే దారే లేదు.
దీనికి మార్కులు కోసిన.

కోసి, మళ్ల ఆలోచించిన.
మూత పెడితే మావోళ్లు ఏం పోస్తరు?
బోరు నీళ్లు.
గిన్నె అడుగున తెల్లపొర కట్టే నీళ్లు,
మా మేనత్త పండ్ల మీద గోధుమరంగు గీతలు గీసిన నీళ్లు,
నలభై ఏండ్లకే ఆమె మోకాళ్లను వంగనియ్యని నీళ్లు.
ఆ వెంట్రుక సందులు నెల తిరగకముందే రాయి అయితయి.
కోసిన మార్కుల్ల సగం తిరిగిచ్చిన.

పరమేశు తన పెట్టె పట్టుకొచ్చిండు.
పెండ్లి వీడియోలు ఎడిటింగ్ చేస్తడు.
లగ్గాల సీజన్, రాత్రింబగళ్లు రెండరింగే,
తలంబ్రాల కాడికి రాంగనే సిస్టం ఆగిపోతదట.
కూలర్ బిగించి ఆ వీడియోనే పెట్టిన.
బయట నలభై నాలుగు. కొట్ల ముప్పై ఎనిమిది.
అట్టముక్క మీద రాసుకున్న:
అరవై రెండు, డెబ్బై, డెబ్బై నాలుగు,
ఇరవై నిమిషాలకు డెబ్బై తొమ్మిది. అక్కడ నిలబడ్డది.
తలంబ్రాలు పడ్డయి.
ఎవరిదో పెండ్లికూతురు తలొంచుకోని నవ్వింది.

"ఏసీ లెక్క చల్లగ చేస్తదనుకున్న" అన్నడు పరమేశు.
చెయ్యదు తమ్మీ.
గది ఎంత వేడుంటే దానికన్న కిందికి దిగదు, ఎన్ని వేలు పెట్టినా.
ఆ మూలకున్న రంజన్ దిగుతది.
అది చెమటోడ్చి సగం నీళ్లు పోగొట్టుకుంటది, అందుకు.
దీనికి పోగొట్టుకునుడు నేర్పలె.

అంతల సప్పుడు మొదలైంది.
గుడగుడ. కొంచెం ఆగి మళ్ల గుడగుడ.
పక్క దుకాణం జానిమియా, బోరు మోటార్లు చుట్టేటాయన,
ఛాయ్ గ్లాసుతోటే వచ్చిండు.
స్క్రూడ్రైవర్ మొన పంపు మీద, పిడి చెవికి ఆనిచ్చి
కండ్లు మూసుకున్నడు.
"గాలి తాగుతుంది.
నీ మోటరే అన్నిటికన్న మీదున్నది గద,
గాలి ఇంకెక్కడ నిలుస్తది?"

కంపెనీ పుస్తకంల పన్నెండు భాషలున్నయి.
ఈ ముక్క ఒక్కదాంట్ల లేదు.
రేడియేటర్ ఇప్పి పెట్టె పైకప్పుకు బిగిచ్చినం.
పాలు తాగిన పిల్లకు తేపు తెప్పిచ్చినట్టు
పెట్టెను వాల్చి, లేపి, వీపు తట్టినం.
బుడగ పైకెక్కింది. సప్పుడు పోయింది.

ఇంకొక తప్పు నాకు సాయంత్రం దాక దొరకలె.
రేడియేటర్ రేకులు మరీ దగ్గర దగ్గర.
తలుపులేసుకున్న గదుల కూసోని గీసిన బొమ్మ ఇది.
మా ఊర్ల గాలంటే సగం ఊక,
ఏ దిక్కు నుంచి వచ్చినా ఏదో ఒక రైస్ మిల్లు మీదికెళ్లే వస్తది.
ఒక్క పూటకే వేలితో రాస్తే
పేరు రాసుకునేంత దుమ్ము.

డీలర్‌కు ఫోన్ చేసిన.
"నాలుగు పంపు."
"పది కాదా?"
"నాలుగే. మెత్తటి బ్రష్షులు నేనిక్కడనే కొనుక్కుంట."

జానిమియా ఛాయ్ గ్లాసు
పెట్టె మీదనే మర్చిపోయి పోయిండు.
గంటకు యాదికొచ్చి తీసిన.
ఇంకా వెచ్చగనే ఉన్నది.