కఖారు

గుణుపురంలో మా డాబా మీద
ఆరు పెయింటు డబ్బాలు, ఒక పగిలిన సింకు.
షుగరొచ్చిందని నేనంటే
గోడ మీంచి బైదేహి అపా
తడిగుడ్డలో చుట్టిన రెండు మొక్కలందించింది.
"కఖారు" అంది.
"కాకర" అని విన్నాను.

సింకు నిండా గెత్తం పోశాను. పందిరేశాను.
బ్రష్షు నోట్లో పెట్టుకునే
ఆకు ఎంతయిందో అరచేత్తో కొలిచేవాణ్ణి.
వంశధార మీంచి గాలి లేచిన రాత్రి
పాత లుంగీ అంచు చింపి
తీగని కట్టుకున్నాను.

ఆదివారం బెండ విత్తనాలు పట్టుకొచ్చిన
తవిటినాయుడు మాస్టారు
గిన్నెంత పసుప్పచ్చ పువ్వు చూసి
టీ గ్లాసు కింద పెట్టేశారు.
"ఓర్నాయనో, కాకరకిదేం పువ్వయ్యా!
ఇది గుమ్మడి గదా!"
గోడవతల నుంచి అపా,
"మరి నేనేమన్నాను? కఖారనే కదా!"

ఆ ముగ్గురి నవ్వుకి
నీళ్ళ ట్యాంకు మీది పావురాలు లేచిపోయాయి.

ఈ కర్రలు గుమ్మడి బరువుకి ఆగవని
మాస్టారు వెదురు తెస్తానన్నారు.
మర్నాడు అపా పువ్వులు కోసుకెళ్ళి
బియ్యప్పిండిలో ముంచి వేయించి
గోడ మీద పళ్ళెం పెట్టింది.
"మగపువ్వులే కోశాలే, భయపడకు."

నాలుగు తిన్నాను.
డాక్టరడిగితే
కాకరే వేశానని చెప్తాను.