వీపుల లెక్క

ఓడ దిగి ఇవాళ పదకొండు మంది వచ్చారు.
పదకొండు అని అరచేతిలో పెన్నుతో రాసుకున్నాను.
చెమటకి చెరిగితే మళ్ళీ రాస్తాను.

ముందు, మాస్కులో ఉమ్మండి, అంటాను.
నవ్వుతారు.
మొహమాటపడి ఉమ్మనివాళ్ళకి
పావుగంటలో సముద్రమంతా పొగమంచు.

ఇటు కరీబియన్, అటు అట్లాంటిక్,
నడుమ మా స్కాట్స్ హెడ్ మెడ.
రెండు కార్లు ఎదురైతే
ఒకటి వెనక్కి పోవాల్సినంత సన్నం.
ఇటు నీళ్ళు ఒళ్ళో కూర్చుంటాయి.
అటు నీళ్ళు మా తాతని కూడా గుర్తుపట్టలేదు.
రాతి మొన దాటొద్దు, అంటాను.
ఎవరో ఒకరు అప్పుడే ఫోను చూసుకుంటుంటారు.
ఆ ఒకరి వీపు గుర్తుపెట్టుకుంటాను.

ఎర్ర పట్టీ గీసిన చెట్టు కింద నిలబడొద్దు,
వాన పడితే అసలే వద్దు.
దాని ఆకుల మీంచి జారిన చుక్కకి
ఒళ్ళు బొబ్బలెక్కుతుంది.
కాయ మాత్రం చిట్టి ఆపిల్‌లా ఉంటుంది, తియ్యటి వాసన.
కిందటేడు ఒకావిడ కొరికి
"రుచి బాగానే ఉందే" అంది.
తర్వాత రెండు రోజులు ఏమీ అనలేకపోయింది.

గుండె జబ్బు ఉందా అని కాగితంలో ఒక గడి.
ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నాను,
కాగితం మీద రోగిష్టివాడు ఒక్కడూ లేడు.

నీళ్ళలోకి దిగుతారు.
కొండ నిద్రలో ఊపిరి వదిలినట్టు
రాళ్ళ సందుల్లోంచి వెచ్చటి బుడగలు.
గొట్టాల్లోంచి అందరూ ఒకటే ఆ... ఆ...
పసిపిల్లల వార్డులా ఉంటుంది సముద్రం.

నేను కయాక్‌లో కూర్చుని
వీపులు లెక్కపెడతాను.

చేపని చూసేవాడూ
చచ్చిపోయినవాడూ
ఒకేలా పడుకుంటారు.
ఈ సంగతి మాత్రం వాళ్ళకి చెప్పను.
మునిగేవాడు కేకలేస్తాడనుకుంటారు అంతా.
కేకెయ్యాలన్నా ఊపిరుండాలి కదా.
అందుకే గొట్టం కొస చూస్తాను,
భుజాల మధ్య చర్మం చూస్తాను.
ఒకటి కదిలింది. రెండు కదిలింది.
మూడు కాలు తన్నింది, మంచిది.

ఆ ఫిబ్రవరి మంగళవారం ఆరో వీపు కదల్లేదు.

నీలం చొక్కా. ఎండకి కందుతారని
నేనే తొడిగించాను.
పేరు ఆల్‌బ్రెక్ట్, పూలమొక్కలమ్మి రిటైరయ్యాడు.
రెండు బారల దూరంలో ఆయన భార్య
నీటిగుర్రాన్ని చూసి, వేలితో ఆయనకే చూపిస్తోంది.
చూపిస్తూనే ఉంది.

చెప్పులతోనే దూకాను.
క్లోవిస్ ఒడ్డు నుంచి ఈదుకొచ్చాడు.
గులకరాళ్ళ మీద పడుకోబెట్టి
ముప్పై నొక్కులు, రెండు ఊపిరులు,
ముప్పై, రెండు.
నా జీవితంలో ఎక్కువ భాగం లెక్కే.
ఎన్ని ముప్పైలో మాత్రం తెలీదు.
రోసో ఆసుపత్రి నుంచి అంబులెన్సు
ఆ కొండమలుపుల్లో హారన్ కొట్టుకుంటూ వస్తుంటే
ఆవిడ నా పక్కన కూర్చుని
"ఎంత ప్రశాంతంగా ఉన్నాడో, చేపనే చూస్తున్నాడనుకున్నా"
అంటోంది, మళ్ళీ మళ్ళీ, నన్ను ఒప్పించాలన్నట్టు.

ఓడ ఐదింటికి కూత వేసి వెళ్ళిపోయింది.
ఓడకి వేరే లెక్క.

ఆయన బతికాడు.
మూడు నెలలకి ఉత్తరం రాశాడు, వంకర అక్షరాలతో.
గుండెలో రెండు తీగచుట్లు ముందే ఉన్నాయట,
రాస్తే దిగనివ్వవని రాయలేదట.
క్షమాపణ ఒక వాక్యం. మిగతా ఉత్తరమంతా చిలకచేప గురించి.
అది రాతిని కొరుకుతుంటే
ఆ చప్పుడు వినిపించిందట, స్పష్టంగా,
బిస్కెట్ కొరికినట్టు.
ఆ తర్వాత ఏదీ గుర్తులేదట.
ఆ చప్పుడు కోసమైతే
మళ్ళీ వస్తానన్నాడు.

కోపమొచ్చింది. ఉత్తరం చింపలేదు.
లైఫ్ జాకెట్ల గదిలో, ఉప్పు తగలని చోట పెట్టాను.

ఇవాళ పదకొండు మంది.
మాస్కులో ఉమ్మండి, అంటాను.
నవ్వుతారు.
నవ్వనిస్తాను.
నవ్వు మధ్యలో ఎవరు దగ్గుతారో
చూసుకుంటాను.