స్తంభం కాడ్నుంచి

బేతంచెర్లలో బండకు పాలిష్ పట్టే చేతులివి.
నలుపంటే ఏందో నాకు ఎవురూ చెప్పే పన్లేదు.
నీళ్లు చల్లి, రాయి తిప్పి, మళ్లీ నీళ్లు చల్లి
వేలు పెడితే లోపల్నుంచి ఇంకో వేలు
ఎదురొచ్చేదాకా రుద్దితే
అది నలుపు.
అంతకుముందు ఉండేదంతా బూడిద.

కర్నూల్లో, వరదొచ్చి పోయిన మరుసటేడు,
"తడిసిన సరుకు కాదన్నా, దస్తగిరి సామి తోడు" అని
ఒట్టేసి మరీ లోపలికి పిలిచిన అంగడి.
గోడకు రెండు టీవీలు. రెండూ ఒకటే కొలత,
మా మంచమంత వెడల్పు.
ఒకటి ఎల్‌సీడీ, ఒకటి ప్లాస్మా.
రెండిట్లోనూ అదే చిలక, అదే కొమ్మ మీద,
ఒక్కసారే రెక్క విప్పుతాది.

షాషావలికి ఇరవై నిండినట్టు లేవు.
ఒక్క ఊపిరిలో చెప్పేసినాడు:
ఇది తేలికన్నా, ఇది బరువు.
ఇది కరెంటు రొంత తాగుతాది,
ఇది కుండ ఎత్తుకొని తాగుతాది.
ఇది పగులు బాగుంటాది, ఇది రాత్రి.
దీని వెనక చెయ్యి పెట్టి చూడు.
పెట్టినా.
మిట్టమధ్యాన్నం ఎండలో పరిచిన బండ.

చిలక పోయి ఏదో అడివి వచ్చింది, చీకటి.
ఎల్‌సీడీలోది నేనెరిగిన చీకటి కాదు,
మిషను కింద కారే బురదనీళ్ల రంగు.
ప్లాస్మాలో మాత్రం
ఆఖరి రాయి పట్టిన బండ.
వేలు పెట్టబోతే "ముట్టుకోవద్దన్నా" అన్నాడు.
ముట్టుకోకుండా నేను ఇంతవరకు
ఏదీ కొన్నోన్ని కాదు.

అయినా ఎల్‌సీడీకే మొగ్గినా.
ఫ్యాక్టరీకి రావాల్సిన కరెంటే వేళకు రాదు,
ఇంటికొచ్చేది మిణుగురు మాదిరి.
పడమటి వాకిలి ఇల్లు మాది,
సాయంత్రం ఎండ తిన్నగా గోడకు కొడతాది.
లెక్కలన్నీ అటే.
చేతులు కట్టుకొని నట్టనడుమ నిలబడి
"ఇది కట్టబ్బీ" అనేసినా.

సుంకులమ్మ నా పక్కన లేదు.

తిరిగి చూస్తే అంత దూరాన
స్తంభం కాడ, మిక్సీల మధ్యన,
ఒంటి భుజం ఆనించి, తల ఒక పక్కకు వంచి
చూస్తా ఉంది.
"ముందుకు రామ్మా, సోఫా ఉంది, కూర్చోని చూడు."
"కూర్చుంటే సంగటి గెలికేదెవురు నాయనా?"
పిల్లోనికి అర్థం కాలా.
నాకూ వెంటనే కాలా, అబద్ధమెందుకు.

పందొమ్మిదేండ్లు
ఆ డబ్బా టీవీ ముందర నేను, పిల్లోళ్లు,
పనుండీ లేకా వచ్చి కూర్చునే మా తమ్ముడు మద్దిలేటి.
వంటింటి గడప మీద ఆ మనిషి.
ఒక చేత సంగటికట్టె, ఒక కన్ను పొయ్యి మీద.

"ఈడ్నుంచి చూస్తే ఆ పక్కదాంట్లో
చిలకకు రంగు పోతాంది, ఉతికిన చీర మాదిరి.
దీంట్లో యాడ నిలబడినా పచ్చగానే ఉంది."
అంతే.
మిక్సీ ధర అడుగుతా అవతలికి పోయింది.

నేను పోయి నిలబడినా ఆ స్తంభం కాడ,
ఆమె భుజం ఆనించిన చోటే ఆనించి.
నిజమే.
చిలక ఎలిసిపోయింది.

ప్లాస్మానే తెచ్చినాం.
పండబెట్టకూడదంట, నిలువునా తేవాలంట.
బండల్ని ఇంకెట్ల తెస్తాం?
మా ఫ్యాక్టరీ పిల్లోళ్లు నలుగురు దించినారు,
ఒక్క మూల తగలనీలేదు.
కరెంటు బిల్లు సంగతి ఇప్పుడెందుకులే.

సాయంత్రమైతే ఆ అద్దంలో బొమ్మ కనపడదు.
మా వాకిలి కనపడతాది, వీధి కనపడతాది,
పాలాయన సైకిలు దిగేది,
ఎవురిదో మేక మా అరుగెక్కేది.
ఇసుగొచ్చి తలుపు మూయబోయినా.
"ఉండనీ" అంది గడప మీద్నుంచి,
"ఎవురొచ్చేదీ ఈడికే తెలుస్తాంది."

మూయలేదు.
ఎండ దిగేదాకా ఇద్దరమూ వీధినే చూసినాం,
నేను ఎదురుగా, ఆమె పక్క నుంచి.

రొంతసేపటికి,
"ఆ మిక్సీ రెండు వేల రెండొందలేనంట" అంది.