పన్నెండో దీపం

కోబర్న్ మిల్స్ అనే ఊరిని
పెట్టెల్లో సర్ది తీసుకురమ్మని
కౌంటీ రికార్డుల ఆఫీసు వాళ్ళు నాకు వ్యాను ఇచ్చారు.
ఎనిమిది పెట్టెలు పడతాయన్నారు.
ఏడు సరిపోయాయి.

అవునని నలభై ఏడు ఓట్లు, కాదని నలభై ఒకటి.
ఒక చీటీ మీద మాత్రం
గుర్తు పెట్టాల్సిన చోట
"నాకు తెలీదు, వర్జిల్‌ని అడగండి" అని ఉంది.
చెల్లదని విడిగా కవర్లో పెట్టారు.
వర్జిల్ పోయి ఆరేళ్ళట.

గుమాస్తా లొరెట్టా టెసెన్‌డార్ఫ్.
ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆవిడే ఆఫీసు,
మంగళ, గురువారాలు, రెండింటి నుంచి ఐదింటి దాకా.
కుక్కల లైసెన్సుల డబ్బా ముందు అప్పజెప్పింది.
తర్వాత శ్మశానం పటం,
అందులో నాలుగు జాగాలు ఖాళీ, ఒకటి తనది.
మంచు తోసే బండి తాళం.
పదకొండు వీధి దీపాల కరెంటు బిల్లు.
పన్నెండోది కూడా ఉండేది,
డెయిరీ మూతపడ్డాక దాని కింద ఎవరూ నడవలేదు,
తీయించేశాం, అంది
నేనేదో అడిగినట్టు.

కాగితాల మీద మాట: విలీనం.
ఆ మాట వింటే నాకు
పాలూ పంచదారా గుర్తొస్తాయి.
ఎలా ఉందని పంచదారనెవరూ అడగరు.

పాత మినిట్స్ పుస్తకం వరదలో తడిసి
పేజీలు వేయించిన అప్పడాల్లా లేచాయి.
విప్పి చూస్తే
మిసెస్ ఓగ్డెన్ బాతుల మీద ఫిర్యాదు.
చర్చించారు. వాయిదా.
పై నెల, చర్చించారు. వాయిదా.
ఆ పై నెల కోరం లేదు.
తర్వాత బాతుల ఊసే లేదు.
ఎనభై ఏళ్ళుగా తేలని ఆ సంగతి
ఇక వెస్ట్ ఆర్డెన్ టౌను చూసుకోవాలి.

ఊరి ముద్ర ఏదని అడిగాను.
ఎక్కడో పోయింది, అంది లొరెట్టా.
ఆవిడ కోటు కుడి జేబు
బరువుకి కిందికి సాగి ఉంది.
ఫారంలో రాసుకున్నాను: లభ్యం కాలేదు.

మా మేనత్తకి కోపమొస్తే
ఊరూ పేరూ లేనివాడా, అని తిట్టేది.
అది మనుషులకి పెట్టిన తిట్టు.
ఊరికే పేరు లేకపోతే
ఏమనాలో ఆవిడ చెప్పలేదు.

జనవరిలో వేరే పని మీద
ఆ దారినే రావలసి వచ్చింది. చీకటి పడింది.
అలవాటుగా దీపాలు లెక్కపెట్టాను.
పన్నెండు.
ఆగి మళ్ళీ లెక్కపెట్టాను.
నేను మోసుకెళ్ళిన పెట్టెల్లో
పాత పటం ఒకటి ఉండాలి,
ఎవరో బుద్ధిమంతుడు దాన్ని చూసి
డెయిరీ ముందు స్తంభం పాతించాడు.
దాని కింద ఎవరూ నడవటం లేదు.
మంచు మాత్రం
వెలుగులోకి వచ్చి పడుతోంది.

మంచు బండి మీద వెస్ట్ ఆర్డెన్ అని కొత్త రంగు.
తోలేది ఆ పాత డెల్మర్ స్కీనే.
వంతెన దాటగానే,
ఒకప్పుడు ఊరు అయిపోయే చోట,
అతని చెయ్యి దానంతటదే బ్లేడు పైకెత్తింది.
యాభై గజాలు పోయాక
గుర్తొచ్చి మళ్ళీ దించాడు.

రోడ్డుకడ్డంగా మిగిలింది
మోకాలెత్తు మంచు గట్టు,
రెండు పొలాల మధ్య ఉన్నట్టు.
నా వ్యాను దాని మీదికెక్కి
ఒక్క కుదుపు కుదిపి
ఊరు దాటింది.