మిగిలిపోయిన టిక్కెట్టు

వాన వెలిసిందని ఎవరన్నా అంటే నమ్మకండి.
ఇక్కడ వాన వెలవదు.
ఆకు మీంచి ఆకు మీదకి దిగుతూ
మనదాకా రావడానికి టైము తీసుకుంటుంది, అంతే.

నా పేరు ఫాంజా. ఈ పూటకి మీ గైడుని.
పాంట్లు మేజోళ్ళలోకి దోపుకోండి.
బాగుండదు, తెలుసు. జలగలకి అందంతో పనిలేదు.
దేన్నీ వేలెత్తి చూపించకండి,
మా మడగాస్కర్‌లో అది తప్పు.
వేలు మడిచి కణుపుతో చూపించండి, ఇదిగో ఇలా.

ఐదు టిక్కెట్లు కొన్నారు, నలుగురే దిగారు.
లియాన్ నించి వచ్చిన పెద్దాయనకి
రాత్రి తిన్న రొయ్యలు ఎదురు తిరిగాయట.
అప్పుడు చూశాను మా డ్రైవరు సులూఫుని,
పదకొండేళ్ళుగా ఈ గేటు దాకా జనాన్ని తెచ్చి దింపి
సీటు వెనక్కి వాల్చి
టోపీ మొహం మీద బోర్లించుకుని పడుకునేవాణ్ణి.
"డబ్బెలాగూ వాపసివ్వరు. రా," అన్నాను.
"ఏముంది లోపల, చెట్లేగా," అన్నాడు
తన చెప్పులకేసి చూసుకుంటూ.

వంతెన దాటామో లేదో
పైనెక్కడో బబకూటు గొంతెత్తింది.
తోక లేని లెమూరు, నలుపూ తెలుపూ,
తాత వరస మాకు.
తలుపు కిర్రుమన్నట్టు మొదలై
ఓడ కూత పెట్టినట్టు సాగి
బాగా కావలసినవాళ్ళెవరో
అవతలి గట్టు నించి పిలిచినట్టు ఆగిపోతుంది.
కెమెరా ఆయన కెమెరా ఎత్తడం మరిచిపోయాడు.
సులూఫు టోపీ తీశాడు.
"ఇదా! నేను లారీ హారన్ అనుకునేవాణ్ణి.
రెండు మూడుసార్లు
వ్యాను పక్కకి తీశాను కూడా."
ఆ నవ్వుకి
బబకూటు ఇంకో కొమ్మ వెతుక్కుంది.

రీయూనియన్ దీవి టీచరమ్మ అరచేతిలో
పచ్చ గోళీ ఒకటి పెట్టాను.
గోళీ కాసేపు ఆలోచించుకుని
కాళ్ళు తెచ్చుకుని నడిచింది.
రోకలిబండ! ఆవిడ కేక
ఆ వయసు పిల్లలు వేసే కేక కాదు,
వాళ్ళకన్నా చిన్నపిల్లలది.

జలగ మాత్రం మేజోళ్ళ మనుషుల్ని వదిలేసి
చెప్పుల మనిషినే పట్టింది.
"టిక్కెట్లు చూసేది ఇదేనా?" అన్నాడు
రక్తం తుడుచుకుంటూ.

ఇక నా పాత పందెం.
ఈ మాను మీద ఒక బల్లి ఉంది,
కనిపెట్టినవాళ్ళకి నా వాటా అరటిపండు.
గుడ్లప్పగించి చూశారు. నాచు, బెరడు, మళ్ళీ నాచు.
కెమెరా ఆయన అద్దం మార్చాడు, అద్దం తుడిచాడు,
చివరికి నన్నే అనుమానించాడు.
అర్ధరాత్రి పొగమంచులో
గుంతకీ నీడకీ తేడా చూసే కళ్ళు సులూఫువి.
మాట్లాడకుండా వేలు మడిచాడు.
"ఇక్కడ," అన్నాడు మెల్లిగా,
"బెరడు ఊపిరి తీస్తోంది."

మధ్యాహ్నం అన్నం, చిక్కుళ్ళు,
మాడిన గిన్నెలో మరగబెట్టిన నీళ్ళు,
మా టీ, మా కాఫీ, మా మందు అన్నీ అవే.
రెండు అరటిపళ్ళూ అతనే తిన్నాడు.
ఆ తర్వాత నిజమైన వాన వచ్చింది.
అందులో చెప్పడానికేం లేదు,
తడిశాం.

తిరుగుదారిలో నల్లబడ్డ కొండలు,
రోడ్డువార బొగ్గు బస్తాలు.
రోజూలాగే దిగి బేరమాడాడు సులూఫు.
ఇవాళ కొనలేదని చెప్పాలని ఉంది నాకు.
కొన్నాడు. ఇంట్లో పొయ్యి వెలగాలిగా.
కాకపోతే ఆ బస్తాని
చాలాసేపు పట్టుకుని నిలబడ్డాడు.

చీకటి పడబోతుండగా సడన్ బ్రేకు.
టీచరమ్మ ఒళ్ళోని బూట్లు ముందుకెళ్ళాయి.
రోడ్డు మధ్య ఊసరవెల్లి,
అడుగు వేయాలా వద్దా అని
ముందుకీ వెనక్కీ ఊగుతోంది.
ఇంజను ఆపేశాడు. కణుపుతో మాకు చూపించాడు.
పుల్ల తెచ్చి దానిముందు పెట్టి
ఎక్కేదాకా బురదలో గొంతుకూర్చున్నాడు.

వెనక లారీ ఒకటి
పొడుగ్గా, ఆపకుండా హారన్ కొట్టింది.
సులూఫు తలెత్తలేదు.
"ఉండు, ఫాంజా, ఏమనకు," అన్నాడు.
"పాడుకోనీ."